లైనక్స్ పుట్టింది ఏప్రిల్ 16న కాదు: కోడు చరిత్రను బొమ్మగా చదవడం

లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం కెర్నల్. అందులో ఏదైనా పాత ఫైలు తెరిచి, ఒక్కో లైను ఎవరు ఎప్పుడు రాశారో చెప్పమని, కోడులో మార్పుల లెక్క ఉంచే గిట్ అనే సాధనాన్ని అడగండి. చాలా లైన్ల పక్కన ఒకే తేదీ వస్తుంది: ఏప్రిల్ 16, 2005. పేరు కూడా ఒకటే: లైనక్స్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్. లైనక్స్ మొదటి కోడు బయటికి వచ్చింది 1991 సెప్టెంబరులో. ఆ తర్వాత పదమూడేళ్లకు పైగా వందలాది మంది కలిసి రాసిన కోడంతా ఒక శనివారం మధ్యాహ్నం ఒక్క మనిషి కూర్చుని రాసినట్టు రికార్డు చెబుతోంది.

ఇందులో మోసమేమీ లేదు. మన ఇళ్లలో పెద్దవాళ్ల పుట్టినరోజులు చూడండి, సగం మందికి జూలై 1 ఉంటుంది. బడిలో చేర్చుకునేటప్పుడు మాస్టారు పిల్లవాడి ఎత్తూ వాటమూ చూసి వేసిన తేదీ అది. రికార్డు మొదలైన రోజే పుట్టినరోజైపోయింది. లైనక్స్‌కి జరిగింది కూడా అదే. మార్పుల లెక్కకు అప్పటిదాకా వాడుతున్న బిట్‌కీపర్ అనే సాధనాన్ని ఉచితంగా వాడుకునే వీలు 2005లో పోయింది. టోర్వాల్డ్స్ కొద్ది రోజుల్లోనే దాని బదులు గిట్‌ను రాసుకుని, ఆ రోజుకు ఉన్న కోడును అందులో పెట్టాడు. పాత చరిత్ర తన దగ్గర ఉన్నా, దాన్ని తెస్తే 3.2 గిగాబైట్లు అవుతుందని, అందుకే తేవడం లేదని ఆ మొదటి నమోదులోనే రాసి పెట్టాడు.

ఇప్పుడు ఈ రికార్డు ఆధారంగా ఎవరైనా లైనక్స్ వయసు బొమ్మ గీస్తే, అడుగున ఒక మందపాటి బండరాయి పొర కనిపిస్తుంది. చూసినవాడు '2005లో ఏదో పెద్ద విప్లవం జరిగింది' అనుకుంటాడు. కోడు చరిత్రను బొమ్మలుగా చూపే సాధనాలు ఈ మధ్య బాగా పెరిగాయి. ఏఐ సాధనాలు గంటల్లో వేల లైన్లు రాసి పడేస్తుంటే, చదివే ఓపిక లేని మేనేజర్లకు బొమ్మే దిక్కవుతోంది. ఆ బొమ్మలు దేనితో తయారవుతాయి, ఏమి చూపిస్తాయి, ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయి అన్నది విడదీసి చూద్దాం.

బొమ్మకు ముడిసరుకు: కమిట్ అనే నమోదు

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఫైలు మార్చిన ప్రతిసారీ ఆ మార్పును ఒక ఖాతాలో నమోదు చేస్తారు. ఒక్కో నమోదును కమిట్ అంటారు. ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఏయే ఫైళ్లలో ఏ లైన్లు తీసేసి ఏ లైన్లు చేర్చారు, ఎందుకు మార్చారో ఒకటి రెండు మాటలు - ఇంతే అందులో ఉండేది. ఈ నమోదులన్నీ ఉండే చోటు రిపాజిటరీ. బెల్ ల్యాబ్స్‌లో 1972లో మొదలైన ఎస్‌సీసీఎస్ నుంచి ఇవాళ్టి గిట్ దాకా సాధనాలు మారాయి గానీ ఖాతా స్వభావం పెద్దగా మారలేదు.

పొలానికి అడంగల్ ఎలాంటిదో కోడుకు ఇది అలాంటిది. ఏ సంవత్సరం ఏ సర్వే నంబరులో ఎవరు సాగు చేశారు, ఏ పంట వేశారు అన్నది అందులో ఉంటుంది. ముప్ఫై ఏళ్ల అడంగల్ నకళ్లు కట్టగట్టి మీ చేతికి ఇస్తే సమాచారం మొత్తం మీ దగ్గరే ఉన్నట్టు. అయినా 'చెరువు కింది భూములు ఎప్పటినుంచి బీడు పడ్డాయి?' అని అడిగితే కట్ట విప్పి చదువుతూ చెప్పలేరు. ఊరి పటం మీద ఏడాదికో రంగు వేసుకుంటూ పోతేనే బీడు ఎటు నుంచి ఎటు పాకిందో తెలుస్తుంది. కోడు చరిత్రకు బొమ్మ గీయడమంటే ఆ పనే.

రాసిన కోడును మళ్లీ ఎందుకు మార్చడం?

బయటివాళ్లకు వచ్చే మొదటి సందేహం ఇది. కట్టిన వంతెనను ఎవరూ ప్రతి వారం మార్చరు కదా. 1970లలో ఐబీఎం వారి ఓఎస్/360 అనే ఆపరేటింగ్ సిస్టమ్ విడుదలలను వరసగా కొలిచి చూసిన మెయిర్ లేమన్, లాస్లో బెలాడీ దీనికి కొన్ని సూత్రాలు చెప్పారు. మొదటిది: వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌ను మారుస్తూ ఉండాలి, లేకపోతే అది క్రమంగా పనికిరాకుండా పోతుంది. రెండోది: మార్చేకొద్దీ దాని చిక్కుదనం పెరుగుతుంది, తగ్గించడానికి ప్రత్యేకంగా పని చేస్తే తప్ప.

మొదటి సూత్రానికి ఉదాహరణలు మన చుట్టూనే ఉన్నాయి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. దేశంలో ప్రతి బిల్లింగ్ సాఫ్ట్‌వేరూ ఆ రోజుకు మారి తీరాల్సి వచ్చింది. జీఎస్టీ నంబర్లలో తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37 రాష్ట్ర సంకేతాలు. ఉమ్మడి రాష్ట్రానికి ఉన్న 28ని నమ్ముకుని రాసిన ప్రోగ్రాములన్నీ తిరగరాయాల్సినవే. 2024 మార్చిలో తెలంగాణ బండ్ల నంబర్లు టీఎస్ నుంచి టీజీకి మారాయి. ఎవరి కోడులోనూ తప్పు లేదు. లోకం మారింది, కోడు వెంట నడవాల్సి వచ్చింది.

ఒకే గీత, రెండు వాదాలు: లైనక్స్ ఎదుగుదల

అన్నిటికన్నా పాతది, తేలికైనది ఎదుగుదల గ్రాఫు. అడ్డంగా కాలం, నిలువుగా లైన్ల సంఖ్య. దీంతోనే ఒక మంచి తగువు నడిచింది.

లేమన్ లెక్క ప్రకారం చిక్కుదనం పెరిగేకొద్దీ కొత్త లైను చేర్చడం కష్టమవుతుంది కాబట్టి పెద్ద సాఫ్ట్‌వేర్ ఎదుగుదల నెమ్మదించాలి. గీత పైకి పోతూ పోతూ వంగాలి. 2000లో వాటర్‌లూ విశ్వవిద్యాలయానికి చెందిన మైఖేల్ గాడ్‌ఫ్రీ, చియాంగ్ టూ లైనక్స్ కెర్నల్ విడుదలలు 96 తీసుకుని కొలిచారు. అప్పటికే అది 20 లక్షల లైన్లు దాటింది. గీత వంగలేదు సరికదా, పైకి లేచింది. పెద్దదయ్యేకొద్దీ ఇంకా వేగంగా పెరుగుతోంది.

ఇక్కడితో ఆగితే 'లేమన్ సూత్రం తప్పు' అనే శీర్షిక పెట్టుకోవచ్చు. వాళ్లు ఆగలేదు. మొత్తం గీతను ముక్కలు చేసి, కెర్నల్‌లోని ఒక్కో విభాగానికి ఒక్కో గీత గీశారు. అప్పుడు అసలు సంగతి బయటపడింది. సగం కన్నా ఎక్కువ కోడు డ్రైవర్లదే. డ్రైవరు అంటే ఒక ప్రింటరుతోనో నెట్‌వర్క్ కార్డుతోనో ఎలా మాట్లాడాలో కెర్నల్‌కు చెప్పే ముక్క. బజారులోకి కొత్త పరికరం వచ్చిన ప్రతిసారీ ఒక డ్రైవరు చేరుతుంది. ఒక డ్రైవరుకు పక్క డ్రైవరుతో సాధారణంగా పని ఉండదు. సంతలో కొత్త దుకాణం వెలిసినంత మాత్రాన పాత దుకాణదారు లెక్కలు చిక్కుపడవు. మెమొరీని, ప్రోగ్రాముల వంతులను చూసే నడిమి భాగం మాత్రం మొత్తంతో పోలిస్తే చాలా చిన్నది.

దీన్ని రెండు రకాలుగా చదివారు. స్వతంత్రంగా ఉండే ముక్కలు పోగవడాన్ని ఎదుగుదల కింద లెక్కగట్టకూడదు, కాబట్టి లేమన్ మాట చెక్కుచెదరలేదు అన్నది ఒక పక్షం. వేల మైళ్ల దూరంలో ఉన్నవాళ్లు ఒకరితో ఒకరు సంబంధం లేకుండా చేర్చుకుంటూ పోగలిగేలా కెర్నల్‌ను మలచడమే అసలు విజయం, ఒకే కంపెనీ గోడల మధ్య నడిచిన ఓఎస్/360 సూత్రాలను దీనికి అంటగట్టకూడదు అన్నది రెండో పక్షం. నాకు రెండో వాదమే కొంచెం బరువుగా అనిపిస్తుంది. అయితే ఇద్దరూ చూస్తున్నది ఒకే గ్రాఫు. విడగొట్టక ముందు అది ఇద్దరికీ ఏమీ చెప్పలేదు.

ఆ గీత మీద కనబడీ కనబడని ఒక పల్లం ఉంది. 2018 జూన్‌లో వచ్చిన 4.17 విడుదలలో, ఎవరూ వాడని ఎనిమిది రకాల ప్రాసెసర్లకు మద్దతు తీసేశారు. దాదాపు 5 లక్షల లైన్లు పోయాయి. చిన్న కంపెనీ జీవితకాలంలో రాసేంత కోడు అది. కోట్ల లైన్ల గీత మీద చిన్న నొక్కులా ఉంటుంది. గ్రాఫు కొలమానం ఎంత పెద్దదైతే మనుషుల పని అంత చిన్నగా కనిపిస్తుంది.

లైనుకో దారం, వయసుకో రంగు

1992లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ ఐక్, జోసెఫ్ స్టెఫెన్, ఎరిక్ సమ్నర్ కలిసి సీసాఫ్ట్ అనే సాధనం చేశారు. ఆలోచన చాలా సాదాగా ఉంటుంది. ఒక్కో ఫైలు ఒక నిలువు పట్టీ. అందులో కోడు లైను ఒక్కొక్కటి సన్నటి దారపు పోగు. పోగు రంగు ఆ లైను వయసు: ఈ మధ్య మారినవి ఎరుపు, ఎప్పటివో నీలం. ఒకే తెర మీద 50,000 లైన్లు పట్టేవి. దూరం నుంచి చూస్తే నేత చీరలా ఉంటుంది. పూర్తి నీలం పట్టీ అంటే ఎవరూ ముట్టుకోని ఫైలు. నీలంలో అక్కడక్కడా ఎర్ర పోగులుంటే పాత కోడుకు అతుకులు వేస్తూ వస్తున్నారని.

ఆ బృందం పనిచేసిన టెలిఫోన్ స్విచ్చి సాఫ్ట్‌వేర్ చరిత్ర మీదే 2001లో మరో అధ్యయనం వచ్చింది. కోడు కుళ్లుతుందా అన్నది వాళ్ల ప్రశ్న. వాళ్లకు దొరికిన ఆనవాళ్లలో ఒకటి గుర్తు పెట్టుకోదగ్గది: కాలం గడిచేకొద్దీ ఒక్క మార్పు కోసం ముట్టుకోవాల్సిన ఫైళ్ల సంఖ్య పెరుగుతూ వచ్చింది. పాత ఇంట్లో ఒక స్విచ్చి మార్చబోతే మూడు గదుల వైరింగు బయటపడ్డట్టు.

వయసును పొరలుగా చూపే బొమ్మ ఇంకొకటి. 2016లో ఎరిక్ బెర్న్‌హార్డ్‌సన్ రాసిన సాధనం ఒక్కో సంవత్సరం రాసిన కోడుకు ఒక్కో రంగు వేసి, ఏటేటా అందులో ఎంత మిగిలిందో చూపిస్తుంది. దీంతో కోడుకు 'అర్ధాయువు' లెక్కగట్టవచ్చు: రాసిన దానిలో సగం చెరిగిపోవడానికి పట్టే కాలం. ఒక ప్రాజెక్టుకు అర్ధాయువు మూడేళ్లనుకుందాం. ఇవాళ లక్ష లైన్లుంటే మూడేళ్లకు వాటిలో 50,000, ఆరేళ్లకు 25,000, తొమ్మిదేళ్లకు 12,500 మిగులుతాయి. అతని లెక్కలో లైనక్స్‌కు ఇది ఆరేళ్లకు పైగా వచ్చింది. వెబ్ పేజీలు తయారుచేసే యాంగులర్‌కు నాలుగు నెలలే. యాంగులర్ చెత్తదని దీనర్థం కాదు. దాన్ని అప్పుడే మొదటినుంచీ తిరగరాస్తున్నారు. తక్కువ ఆయువు రోగం కావచ్చు, ఆరోగ్యం కూడా కావచ్చు. నిజానికి మిగిలిన కోడు ఈ లెక్క ప్రకారం నున్నగా తరగదు. కొన్ని లైన్లు మొదటి నెలల్లోనే పోతాయి, కొన్ని ఎప్పటికీ కదలవు.

ఒకే తెరపై అన్ని ఫైళ్లూ పట్టేలా చూపే పద్ధతులకు మూలం ఒక నిండిపోయిన హార్డ్ డిస్కు. 1990లో మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో 14 మంది కలిసి వాడే 80 మెగాబైట్ల డిస్కులో చోటు ఎవరు తినేస్తున్నారో కనుక్కోవడానికి బెన్ ష్నైడర్‌మన్ దీర్ఘచతురస్రాల లోపల దీర్ఘచతురస్రాలు పేర్చే ట్రీమ్యాప్ ఆలోచించాడు. కోడుకు దాన్ని వాడేటప్పుడు పెట్టె సైజు ఫైలు పొడవు, రంగు ఎన్నిసార్లు మారింది అన్నది. పెద్ద పెట్టె, ముదురు రంగు కలిసిన చోట ఆగి చూడాలి. రిచర్డ్ వెట్టెల్, మికెలె లాంజా కోడ్‌సిటీ పేరుతో దాన్నే ఊరుగా లేపారు: ఒక్కో క్లాసు (ఒకే పనికి సంబంధించిన కోడు ముక్క) ఒక భవనం, అందులోని మెథడ్లు (అది చేయగల పనులు) ఎన్నో అంత ఎత్తు, దాచుకునే విలువలు ఎన్నో అంత వెడల్పు. కాలం జరుపుతుంటే భవనాలు లేస్తాయి, కూలతాయి.

కలిసి మారేవి ఎందుకు కలిసి మారుతున్నాయి: కిరాణా బిల్లు ఉదాహరణ

ఇప్పటిదాకా చెప్పినవి విడి ఫైళ్ల సంగతి. చరిత్ర మాత్రమే చెప్పగల ముచ్చట ఇంకొకటుంది: ఏ ఫైళ్లు జంటగా మారుతున్నాయన్నది. కోడు చదివితే ఇది కనిపించదు, ఎందుకంటే కోడులో ఇవాళ్టి స్థితి మాత్రమే ఉంటుంది.

ఒక కిరాణా దుకాణపు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఊహించుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే. చరిత్రలో 40 కమిట్లు ఉన్నాయి. మూడు ఫైళ్లు చూద్దాం. పన్ను లెక్కగట్టే ఫైలు 20 కమిట్లలో మారింది. రసీదు ముద్రించే ఫైలు 18 కమిట్లలో. వెర్షన్ నంబరు ఉండే చిన్న ఫైలు 38 కమిట్లలో.

పన్ను ఫైలు మారిన 20 సార్లలో రసీదు ఫైలు 16 సార్లు కూడా మారింది. అంటే 80 శాతం. వెర్షన్ ఫైలు 19 సార్లు మారింది. 95 శాతం. జంటల బొమ్మ గీసే సాధనం ఫైళ్లను చుక్కలుగా పెట్టి, కలిసి మారేవాటి మధ్య గీత గీస్తుంది. ఎక్కువసార్లు కలిస్తే లావు గీత. ఇక్కడ పన్నుకూ వెర్షన్‌కూ మధ్య అన్నిటికన్నా లావైన గీత వస్తుంది.

అది ఉత్త గీత. వెర్షన్ ఫైలు ఎటూ 40లో 38 సార్లు, అంటే 95 శాతం కమిట్లలో మారుతూనే ఉంది. పన్ను మారినా మారకపోయినా దానికి తేడా లేదు. ఊళ్లో ప్రతి పెళ్లిలోనూ కనిపించే పెద్దమనిషి ఈ పెళ్లిలో కూడా కనిపించాడని చుట్టరికం కలిపినట్టు. రసీదు సంగతి వేరు. మొత్తం మీద అది 45 శాతం కమిట్లలోనే మారుతుంది, పన్ను మారినప్పుడు మాత్రం 80 శాతం. ఇక్కడ ఏదో ఉంది.

కోడు తెరిచి చూస్తాం. రసీదు ఫైలు పన్ను ఫైలును ఎక్కడా పిలవడం లేదు. కోడు నిర్మాణపు బొమ్మలో వీటి మధ్య గీత ఉండదు. చివరికి దొరుకుతుంది: సరుకు పేరు పక్కన 'జీఎస్టీ 12%' అని అచ్చు వేయడానికి, రేట్ల పట్టికను ఎవరో రసీదు ఫైలులో కూడా చేత్తో రాసి పెట్టారు. రెండు చోట్ల ఒకే పట్టిక. ఇన్నాళ్లూ తెలిసినవాళ్లు గుర్తుపెట్టుకుని రెండూ మారుస్తున్నారు, అందుకే 16 సార్లు. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు మారి నెయ్యి 12 శాతం నుంచి 5 శాతానికి వచ్చింది. ఆ వారం కొత్తగా చేరిన కుర్రవాడు పన్ను ఫైలు ఒక్కటే మార్చాడనుకోండి. మొత్తం సరిగ్గా 5 శాతంతో వస్తుంది, కాగితం మీద మాత్రం 12 అని అచ్చవుతుంది. కౌంటరు దగ్గర తగువు మొదలవుతుంది.

1998లో హరాల్డ్ గాల్, అతని సహచరులు ఒక టెలికాం సాఫ్ట్‌వేర్ విడుదలల చరిత్రలో ఇలాంటి దాగిన జంటలను వెతికే పద్ధతిని చూపించారు. ఆ తర్వాత వచ్చిన సాధనాలన్నీ ఆ దారిలో నడిచినవే. అయితే మన ఉదాహరణలో చివరి మెట్టు బొమ్మ ఎక్కలేదని గమనించండి. గీత చూపించింది బొమ్మ, పట్టికను పట్టుకున్నది కోడు తెరిచి చదివిన మనిషి.

రికార్డు తప్పుదారి పట్టించే చోట్లు

జూలై 1 పుట్టినరోజు ఒక్కటే కాదు. ఫైలు పేరు మారిస్తే ఏమవుతుందో చూడండి. లైనక్స్‌లో 32 బిట్ల, 64 బిట్ల ఇంటెల్ తరహా ప్రాసెసర్ల కోడు రెండు వేర్వేరు ఫోల్డర్లలో ఉండేది. 2008 జనవరిలో వచ్చిన 2.6.24లో రెండింటినీ ఒకే కొత్త ఫోల్డరులోకి తెచ్చారు. పేరు మార్పును పట్టుకోలేని సాధనం దీన్ని రెండు పాత ఊళ్లు ఒక్కరోజులో నేలమట్టమై పక్కనే కొత్త ఊరు లేచినట్టు చూపిస్తుంది. గిట్ స్వభావం దీనికి తోడు. అది పేరు మార్పును ఎక్కడా రాసిపెట్టదు. పోయిన ఫైలుకూ వచ్చిన ఫైలుకూ పోలిక చూసి తర్వాత ఊహిస్తుంది. పేరూ లోపలి సరుకూ ఒకేసారి ఎక్కువగా మారిస్తే ఆ ఊహ తప్పుతుంది.

ఇంకా మామూలుగా జరిగేది అలంకరణ కమిట్. ఖాళీలు, బ్రాకెట్లు ఒకే పద్ధతిలో ఉండాలని ఒకరోజు ఫార్మాటర్ అనే సాధనాన్ని కోడంతటి మీదా నడుపుతారు. ప్రోగ్రాము పని ఇసుమంత కూడా మారదు. 'ఎవరు రాశారు' అని అడిగితే మాత్రం వేల లైన్లకు ఆ ఫార్మాటర్ నడిపిన మనిషి పేరు వస్తుంది. సున్నం కొట్టినవాడి పేరు ఇంటి పత్రంలోకి ఎక్కినట్టు. ఈ బాధ పడలేకే 2019లో వచ్చిన గిట్ 2.23లో, ఫలానా కమిట్లను లెక్కలోకి తీసుకోవద్దని చెప్పే వీలు కల్పించారు. ఆ జాబితా రాసిపెట్టే ఓపిక ఉన్న బృందాలు ఎన్ని అన్నది వేరే ప్రశ్న.

పది రోజుల పనిని ఒకే కమిట్‌గా కుదించి కలిపే అలవాటు చాలా బృందాల్లో ఉంది. చరిత్ర శుభ్రంగా కనిపిస్తుంది. అయితే జంటల లెక్క పాడవుతుంది, ఎందుకంటే వేర్వేరు రోజుల్లో వేర్వేరు కారణాలతో మారిన ఫైళ్లన్నీ ఇప్పుడు 'కలిసి మారినవే'. యంత్రం తయారుచేసి పెట్టిన ఫైళ్లు, బయటి నుంచి తెచ్చిపెట్టుకున్న లైబ్రరీలు కూడా వడపోయకపోతే బొమ్మలో సింహభాగం వాటిదే అవుతుంది.

మనుషుల పేర్లు బొమ్మలోకి వచ్చినప్పుడు

2008లో వచ్చిన కోడ్‌స్వార్మ్, 2009లో ఆండ్రూ కాడ్‌వెల్ విడుదల చేసిన గోర్స్ కోడు చరిత్రను సినిమాగా నడుపుతాయి. గోర్స్‌లో చెట్టు కొమ్మల్లా ఫోల్డర్లు, చివర్లలో చుక్కల్లా ఫైళ్లు. రాసేవాళ్ల బొమ్మలు వాటి చుట్టూ మిణుగురుల్లా తిరుగుతుంటాయి. ప్రాజెక్టు వార్షికోత్సవాల్లో వేస్తే అందరూ తమ పేరు వెతుక్కుంటారు. విశ్లేషణకు అది పెద్దగా పనికిరాదనే నా అభిప్రాయం. కదులుతున్న బొమ్మలో నిమిషం కిందటి స్థితిని ఇప్పటితో పోల్చడం కంటికి కష్టం. పక్కపక్కన పెట్టిన రెండు కదలని బొమ్మలు ఆ పని బాగా చేస్తాయి. ఉత్సవ విగ్రహాన్ని ఉత్సవానికే వాడాలి.

చిక్కంతా అదే సమాచారాన్ని జీతాల పెంపుకు వాడినప్పుడు వస్తుంది. ఎవరు ఎన్ని లైన్లు రాశారో చూపే బొమ్మ ముందు, మూడు రోజులు వెతికి ఒక్క లైను సరిచేసిన మనిషి సోమరిలా కనిపిస్తాడు. 5,000 లైన్ల చెత్త తీసేసినవాడు నష్టం చేసినవాడిలా కనిపిస్తాడు. కొలుస్తున్నారని తెలిశాక జనం కమిట్లను ముక్కలు చేసి పెడతారు. అప్పటినుంచి చరిత్ర కూడా పాడవుతుంది.

ఇదే సమాచారానికి న్యాయమైన వాడుక కూడా ఉంది. ఒక భాగం గురించి తెలిసినవాళ్లు ఎంతమంది, వాళ్లు వెళ్లిపోతే ఎలా అన్న లెక్క. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జడ్ వ్యవహారం గుర్తుండే ఉంటుంది. లైనక్స్ యంత్రాల్లో విస్తారంగా వాడే ఆ చిన్న కుదింపు సాధనాన్ని ఏళ్ల తరబడి దాదాపు ఒక్కరే చూసుకుంటూ వచ్చారు. జియా టాన్ అనే పేరుతో ఒకరు మెల్లగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించి, పగ్గాలు అందుకుని, చివరికి దొంగదారి పెట్టారు. ఎవరి వాటా ఎంత అని ఏటేటా పొరలు గీస్తే ఒక రంగు సన్నబడుతూ ఇంకో రంగు లావెక్కడం కనిపించి ఉండేది. నిజమే. కానీ వారసుడు దొరికిన ప్రతి ఆరోగ్యకరమైన ప్రాజెక్టు బొమ్మ కూడా అచ్చం అలాగే ఉంటుంది. పైగా దొంగ సరుకును పరీక్షల కోసం పెట్టిన చదవలేని ఫైళ్లలో దాచారు, దాన్ని బయటికి తీసి అతికించే లైన్లను రిపాజిటరీలో పెట్టనే లేదు. విడుదల చేసిన మూటలో మాత్రమే చేర్చారు. ఖాతాలో లేనిది బొమ్మలో రాదు. దాన్ని పట్టుకున్నది ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు, లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని తవ్వుకుంటూ పోయి.

ఇవి పనికొస్తాయని రుజువేమైనా ఉందా?

కొంత ఉంది. 2005లో మైక్రోసాఫ్ట్‌లో నచియప్పన్ నాగప్పన్, థామస్ బాల్ విండోస్ సర్వర్ 2003 చరిత్రను తీసుకుని, ఎక్కువగా మారిన భాగాల్లో లోపాలు ఎక్కువుంటాయా అని చూశారు. ఎన్ని లైన్లు మారాయన్న మొత్తం అంకె సరిగా చెప్పలేకపోయింది. ఫైలు సైజుతో పోల్చి ఎంత వంతు మారింది అని లెక్కేస్తే, లోపాలు ఎక్కువున్న భాగాలను 89 శాతం కచ్చితత్వంతో వేరుచేయగలిగారు. పెద్ద ఊళ్లో పది ఇళ్లు కట్టడం, పది గడపల పల్లెలో పది ఇళ్లు కట్టడం ఒకటి కావు. రంగు దేనికి వేస్తున్నామన్న చిన్న నిర్ణయం మీద బొమ్మ విలువంతా ఆధారపడి ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది.

కోడ్‌సిటీ చేసినవాళ్లు తమ ఊరి బొమ్మను మామూలు ఎడిటర్, ఎక్సెల్ పట్టికలతో పోటీ పెట్టి చూశారు. 2011లో ప్రకటించిన ఫలితాల్లో ఊరి బొమ్మ వాడినవాళ్ల జవాబుల్లో ఒప్పులు 24 శాతం ఎక్కువ వచ్చాయి, సమయం 12 శాతం తగ్గింది. మంచి ఫలితమే. సందేహపడేవాళ్లు అడిగేదీ సబబే: పరీక్షలో ఇచ్చిన ప్రశ్నలు మొత్తం వ్యవస్థ రూపురేఖల గురించినవి. రోజూ ఉద్యోగంలో ఎదురయ్యే ప్రశ్న 'ఈ ఒక్క లోపం ఎక్కడుంది' అని. అక్కడ వెతుకుడు పెట్టెలో పదం కొట్టడమే దగ్గరి దారి. కొత్త ప్రాజెక్టులో అడుగుపెట్టిన మొదటి వారంలో, తిరగరాయాలా వద్దా అని తేల్చుకునే రోజున బొమ్మ అక్కరకొస్తుంది. మిగతా రోజుల్లో గోడ మీద క్యాలెండరులా వేలాడుతుంది.

మళ్లీ ఆ ఏప్రిల్ 16 దగ్గరికి

లైనక్స్ బండరాయి పొరను పగలగొట్టవచ్చు. బిట్‌కీపర్ కాలం నాటి చరిత్రను గిట్‌లోకి మార్చి విడిగా భద్రపరిచారు. ఇవాళ్టి రిపాజిటరీకి దాన్ని అతికించుకునే వీలు గిట్‌లోనే ఉంది. అతికించి అదే ప్రశ్న మళ్లీ అడిగితే టోర్వాల్డ్స్ పేరు కింద ఉన్న లైన్లలో చాలావాటికి వేరే పేర్లు, వేరే తేదీలు వస్తాయి. ఒకే రంగు పొర పలచటి పొరలుగా విడిపోతుంది.

అదీ 2002 దాకానే. టోర్వాల్డ్స్ బిట్‌కీపర్ వాడడం మొదలుపెట్టింది ఆ ఏడాది ఫిబ్రవరిలో. అంతకుముందు పదేళ్లు ఏ ఖాతా సాధనమూ లేకుండా, ఈమెయిల్‌లో వచ్చిన మార్పులను చేత్తో కలుపుకుంటూ, అప్పుడప్పుడు మొత్తం కోడును మూటగట్టి విడుదల చేసేవాడు. ఆ మూటలు ఉన్నాయి. ఒక మూటలో లేని లైను తర్వాతి మూటలో ఉంటే, ఆ రెండు తేదీల మధ్య ఎప్పుడో పుట్టిందని చెప్పగలం. ఎవరు రాశారన్న గడి మాత్రం ఖాళీగానే ఉంటుంది.